రాజకుమారి చేసిన తప్పు

మొన్న మిర్యాలగూడలో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్లు నన్ను మాట్లాడమని పిలిచారు. విషయం కూడా వాళ్లే ఇచ్చారు: కథల్లోని రాజకుమారీల నుంచి కాలేజీ పిల్లలు నేర్చుకోవాల్సిన పాఠాలు. రిటైరైన లెక్చరర్లకు ఇలాంటి విషయాలే మిగులుతాయి. గంటసేపు దంచేశాను. పిల్లలు పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. చివర్లో ముందు వరసలోంచి ఒక బక్కపిల్ల లేచి, "మేడం, గివన్నీ మీకు ఎవరు చెప్పిన్రు?" అని అడిగింది.

"మా ఇంట్లో పనిచేసిన ఒకామె" అన్నాను.

ఆమె మా ఇంట్లో పనిచేయలేదు. నాకు పాఠాలు చెప్పింది. అబద్ధం ఆడాలని ఆడలేదు, నోట్లోంచి అదే వచ్చింది. నాకు పదహారేళ్లప్పుడు కూడా ఆమెను ఇలాగే ఒక్క మాటతో కిందికి దించాను. ఇన్నేళ్లు పిల్లలకు నీతులు చెప్పి బతికిన నాలుక ఏమీ మారలేదని ఇంటికొచ్చాక తెలిసి, నా మీద నాకే రోత పుట్టి ఇది రాస్తున్నాను. ఆమె ఇప్పుడు లేదు. కోదాడలో జాకెట్లు కుట్టుకుంటూ బతికి, మూడేళ్ల కింద పోయిందట. ఉండి ఉంటే ఆ మీటింగుకు వచ్చి అందరి ముందూ నాకు తొడపాశం పెట్టేది.

నేను చెప్పే రోజులకు పోలీసు చర్య జరిగి ఏడాది కాలేదు. సూర్యాపేటలో మా నాయిన వకీలు. ఖద్దరు కట్టేవాడు, గ్రంథాలయంలో ఆడపిల్లల చదువు మీద ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఇచ్చిన ఉపన్యాసానికి కట్టుబడి, ఇంట్లోనే మాస్టర్లను పెట్టి నన్ను మెట్రిక్ గట్టెక్కించాడు కూడా. ఇక పట్నం పంపి కాలేజీలో చేర్చాలి. కాలేజీ లోపల ఎలా ఉంటుందో, ఆడపిల్లలు అక్కడ ఏం తింటారో, ఎక్కడ పడుకుంటారో మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు. అమ్మ ఆ బెంగతోనే చిక్కి సగమైంది. "తోడు లేకుండ నా బిడ్డను పంప. గంతే" అని భీష్మించుకు కూర్చుంది.

అలాంటప్పుడు దొరికింది ఆమె. దవాఖానా వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని జాకెట్లు కుట్టేది. పాతికేళ్లు నిండి ఉండవు. కోదాడ వైపు మనిషి, అక్కడక్కడ ఆంధ్ర మాట తగిలేది. ఇంగ్లీషు పుస్తకం గడగడా చదివేది. పట్నంలో ఆడపిల్లల కాలేజీ సంగతులన్నీ గోడలతో సహా చెప్పేది. అందుకని ఊరంతా కాలేజీ అక్క అన్నారు. పేరు నేను రాయను, ఎందుకో తర్వాత చెప్తాను. ఇంత చదివిన మనిషి జాకెట్లెందుకు కుడుతోందని ఎవరూ అడగలేదు. గడబిడ రోజుల్లో ఎవరెవరు ఎక్కడెక్కడ తేలారో, ఒకరినొకరు అడిగే అలవాటు జనానికి పోయింది.

నాయిన ఆమెను పిలిపించి, కాలేజీలో ఎలా మెలగాలో నాకూ, మిల్లు శెట్టిగారి అమ్మాయికీ మూడు నెలలపాటు నేర్పమన్నాడు. కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. గదిలోకి రాకుండా, బయటికి పోకుండా గడప మీద చతికిలబడింది. చాప వేసినా అంతే, పీట వేసినా అంతే. వినయం అనుకున్నాం.

మొదటిరోజే రాజకుమారి కథ ఎత్తుకుంది. కథలకు మేం చిన్నపిల్లలమా అని నేను మూతి తిప్పాను.

"నువ్వు చిన్నపిల్లవు కాదు. రాజకుమారివి. గందుకే చెప్తున్న" అంది.

పొగిడిందనుకుని పొంగిపోయాను. ఆమె నోట ఆ మాట తిట్టు అని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

కథ మంచి రసపట్టులో ఉండగా టక్కున ఆపి, చూపుడువేలు నా ముక్కు దాకా తెచ్చి, "ఏం తప్పు చేసింది, చెప్పు" అనేది. మేం విన్న కథల్లో రాక్షసుడు చెడ్డవాడు, సవతితల్లి చెడ్డది. ఆమె కథల్లో వాళ్లందరూ తమ పని తాము చేసుకునేవాళ్లు. తప్పు ఎప్పుడూ రాజకుమారిదే. ఆ తప్పు చెప్పలేకపోతే తొడపాశం. ఆమె వేళ్లు సన్నగా, పొడుగ్గా ఉండేవి. సూది పట్టి గట్టిపడ్డ వేళ్లు. పట్టిన చోట నాలుగు రోజులు నీలంగా ఉండేది.

ఒంటిస్తంభం మేడలోని రాజకుమారి కిటికీలోంచి బాటసారిని చూసి మనసు పారేసుకుంది. ఏం తప్పు చేసింది? "మొగోన్ని చూసింది" అంది శెట్టిగారి అమ్మాయి. తొడపాశం. "కిటికీ తెరిచింది" అన్నాను నేను తెలివిగా. నాకూ తొడపాశం.

"కిటికీ మూస్తే చీకట్ల ఏం చదువుతరే? తెరవాలె. తెరిచి, దానికి వీపు పెట్టి కూసోవాలె. ఎల్తురు పుస్తకం మీద పడ్తది, మొఖం బయటోనికి కనపడది. దానికి కూసునుడు రాలే. గదీ తప్పు."

మూగనోము పట్టిన రాజకుమారి కథ చెప్పి, "ఇది ఒక్కటే తెలివిగల్లది. నోరు తెరిచేదాక అందరు దాన్ని గొప్పదనుకున్నరు. మీరు గూడ మొదటి నెల నోరు మూసుకోండి. ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నరో ఎరుకైనంకనే మాట్లాడాలె" అంది. మధ్యాహ్నం దాకా నిద్రపోయే రాజకుమారి కథ వచ్చినప్పుడు, "లేవంగనే పండ్లపుల్ల ఎవరిచ్చిన్రు? నీళ్లు ఎవరు కాచిన్రు? విడిచిన చీర ఎవరు పిండిన్రు?" అని అడిగింది. కథలో లేదన్నాం. "కథల లేదు. హాస్టల్ల ఉంటది" అని ఆ క్షణమే మా ఇద్దరినీ బావి దగ్గరికి తోలి చీరలు ఉతికించింది. వకీలు గారి బిడ్డ చీర పిండడం చూసి మా అమ్మ వంటింట్లో కళ్లు ఒత్తుకుంది.

ఒకరోజు మా ఇంట్లోనే తాను వండి, మా ఇద్దరికీ విస్తళ్లు వేసి వడ్డించింది. మొదటి ముద్దలోనే రాయి. రెండో ముద్దలో రెండు రాళ్లు. శెట్టిగారి అమ్మాయి తూ అని ఉమ్మేసింది.

"అయిపోయినవ్. ఇగ రెండేండ్లు నిన్ను రాళ్లపిల్ల అంటరు. రాయి తగిలితే నాలికతోటి పక్కకు నూకి, పక్కపిల్లతోటి నవ్వుకుంట మాట్లాడాలె. హాస్టలు బువ్వ గిట్లనే ఉంటది."

పిడికెడు రాళ్లు ఏరి తెచ్చి అన్నంలో కలిపింది ఆమే. శెట్టిగారి అమ్మాయి ఏడుస్తూ ఇంటికి పోయి మళ్లీ రాలేదు. ఆ ఏడే పెళ్లి చేశారు. నేను ఒక పన్ను కొస విరగ్గొట్టుకుని, నవ్వుతూ మాట్లాడుతూ విస్తరి ఖాళీ చేశాను. ఆమె మెచ్చుకుంటుందని చూశాను. విస్తళ్లు ఎత్తుకుని వెళ్లిపోయింది.

అన్నిటికంటే ఘోరం ఆమె నవ్వులు. నేను ఇంగ్లీషు పాఠం పైకి చదవాలి. ఆమె గడప మీద కూర్చుని, చదువుతున్నంతసేపూ నవ్వేది. "ఇది నవాబు బిడ్డ నవ్వు" అని రుమాలు అడ్డం పెట్టుకుని. "ఇది డాక్టరు బిడ్డది" అని ముక్కుతో. "ఇది దొరబిడ్డది" అని తల వెనక్కి వాల్చి, గొంతు అడుగునుంచి. ఇలా పన్నెండు రకాలు. నేను తడబడితే మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవాలి. ఏడిస్తే, "ఏడుపు గూడ వినపడాలె, గట్టిగ ఏడువు" అని ఇంకా నవ్వేది. నలభై రోజులు అలా వేయించుకు తింది. నలభై రోజుల తర్వాత ఏ నవ్వుకూ నా గొంతు వణకలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను చూసి నవ్వి గెలిచినవాళ్లు లేరు. ఆ మేలు ఎవరిదో నాకు తెలుసు. కానీ అప్పట్లో నాకు ఆమెను చూస్తే ఒళ్లు మండేది. ఆమెకు ఏదైనా కీడు జరగాలని తులసికోట ముందు నిలబడి దండం పెట్టుకున్న రోజులున్నాయి.

ఒకే ఒక్క పని మాత్రం నెమ్మదిగా చేసేది. తల దువ్వడం. చిక్కు ఎంత ఉన్నా జుట్టు ఒక్కటి తెగేది కాదు, నొప్పి తెలిసేది కాదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "తల కదపకు" అనేది.

ఒకరోజు, కాలేజీ చదువుకు ముందస్తుగా మాస్టరు ఇచ్చిపోయిన బీజగణితం లెక్క ఒకటి నాకు గంటసేపు కొరుకుడు పడలేదు. ఆమె జాకెట్టుకు కాజాలు కుడుతూ చూస్తోంది. "ఇటు తే" అని పలక లాక్కుని నాలుగు వరసల్లో తేల్చేసింది. పలక తిరిగి ఇస్తూ, "కాలేజీకి పోవల్సింది నువ్వు కాదు పిల్లా" అంది. వెక్కిరింత కాదు. చాలా మామూలుగా అంది. అందుకే అది తొడపాశం కంటే లోతుగా దిగింది.

ఆ వారంలోనే చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ చెప్పింది. రాజకుమారి తీయగా అడిగితే ఆ రహస్యం చెప్పేసి చచ్చాడు వాడు. "నీ పానం ఎండ్ల ఉందో కాలేజీల ఎవ్వరికి చెప్పకు. చెప్పిననాడే మెడ విరుస్తరు" అంది. అలా అన్న మనిషే తన ప్రాణం ఎందులో ఉందో నాకు చెప్పింది. ఎందుకు చెప్పిందో ఇప్పటికీ అర్థం కాదు. ఎవరో ఒకరికి చెప్పకుండా ఉండలేని దశకు వచ్చి ఉంటుంది, ఎదురుగా నేనున్నాను.

ఆమె కాలేజీలో చదవలేదు. ఆడపాప. తెలియనివాళ్లకు చెప్పాలి: మా వైపు దొరల కోటల్లాంటి గడీల్లో కొందరు ఆడపిల్లలు పుట్టుకతోనే గడీ సొత్తు. దొరబిడ్డకు పెళ్లైతే మంచం, బిందెలతో పాటు వాళ్లనూ అత్తవారింటికి పంపేవాళ్లు. పేర్లు కూడా దొరసానులే పెట్టేవాళ్లు. ఆమె పేరు రాయనన్నది అందుకే.

"చిన్నదొరసాని కాలేజీల చేరితే ఎంబడి నన్ను తోలిన్రు. హాస్టలు ఎనక పనోళ్ల అర్రలల్ల నాలుగేండ్లు ఉన్న. దాని తల దువ్విన, కాళ్లొత్తిన, పుస్తకాలు మోసిన. అది క్లాసుల కూసుంటే నేను వాకిట్ల, గడప కాడ కూసునేదాన్ని. అది ముచ్చట్లు పెట్టేది. నేను పాఠాలు విన్న. జనం గడీ మీదికి వచ్చిననాడు అందరు పట్నం ఉరికిన్రు. నేను ఇటు నడిచిన."

జాకెట్టు గుడ్డల మూటలోంచి ఒక కాగితం తీసింది. ప్రైవేటుగా మెట్రిక్ రాయడానికి దరఖాస్తు ఫారం. నలగకుండా అట్టల మధ్య పెట్టుకుంది. అన్నీ నింపింది, గుండ్రటి అక్షరాలు. తండ్రి పేరు రాయాల్సిన చోటు ఖాళీ. అడుగున, ఈ అభ్యర్థి నాకు తెలుసని ఒక పెద్దమనిషి సంతకం చేయాలి.

"రేపు మీ నాయినను అడుగుత. నువ్వు గూడ ఒక మాట చెప్పు. జర నీ పున్నెం ఉంటది" అంది. ఆమె నన్ను బతిమాలడం అదే మొదలు.

"ఏ గడీ మీది?" అన్నాను.

"గది నీకెందుకు?"

మర్నాడు పొద్దున నాయిన ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద, ఆయన కక్షిదారులందరిలోకీ పెద్దవాడైన కోదాడ దగ్గరి ఒక దొరగారి భూముల కాగితాలు పరుచుకుని ఉన్నాయి. ఆ దొర నెలకోసారి వచ్చి మా ఇంట్లో వెండి కంచంలో భోంచేసి పోయేవాడు. ఆమె ఫారం అందించింది. నాయిన కళ్లు మెరిశాయి.

"సంతోషం అమ్మా. మీ అసొంటోళ్లు పైకి రావాలనే గద మేమింత కొట్లాడింది. మెట్రిక్ కాగితాలు గడబిడల పోయినయో ఏమో గని, మళ్ల రాయండి" అని పెన్ను మూత తీశాడు. ఆ ఖాళీని చూసుకోలేదు.

నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. నేను నోరు మూసుకుంటే చాలు, ఆ సంతకం పడిపోయేది. పన్నెండు రకాల నవ్వులూ వినిపించాయి. కాలేజీకి పోవల్సింది నువ్వు కాదన్న మాటా వినిపించింది. గొంతు ఎంత ముద్దుగా చేయగలనో అంత ముద్దుగా చేసి అడిగాను.

"నాయినా, తండ్రి పేరు కాడ ఏం రాస్తరో అడుగు."

ఆమె నాయినను చూడలేదు. నన్ను చూసింది. తర్వాత ఉన్నది ఉన్నట్టు, తొణక్కుండా చెప్పింది. ఏ గడీయో మాత్రం నాయినకూ చెప్పలేదు. నాయిన పెన్నుకు మూత పెట్టాడు.

"అబద్ధానికి సంతకం పెట్టనమ్మా. నా పని అసొంటిది. తండ్రి పేరు లేని ఫారం వాపస్ వస్తది" అన్నాడు. వెంటనే ఆయన ముఖం వికసించింది. "అయినా ఫికర్ పడకు. నీకు హాస్టలు కొత్త కాదు గద? మా బిడ్డెంబడి పో. కడుపునిండ తిండి, పండుగకు చీర. దాని పని చూసుకుంట నువ్వు గూడ నాలుగక్షరాలు చదువుకో."

అంతవరకు మీరు అన్న మనిషి నువ్వు అన్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. మంచి చేస్తున్నానన్న తృప్తి తప్ప ఆయన ముఖంలో ఇంకేమీ లేదు. లోపల అమ్మ తోడు దొరికిందని దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన రోజు మరొకటి లేదు.

"మంచిదయ్యా" అంది ఆమె.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. కాలేజీ అక్క పోయి గడీ పిల్ల అయింది. ఆడవాళ్లు ఆమెతో జాకెట్ల కొలతలు కూడా వాకిట్లోనే నిలబెట్టి తీయించుకున్నారు.

మిగిలిన పదిహేను రోజులూ ఆమె వచ్చింది. గడప మీద కాదు, కింద వాకిట్లో కూర్చునేది. నేను కథ చెప్పమంటే చెప్పింది. రసపట్టులో ఆపలేదు, చివరిదాకా చెప్పేసింది. ఉండబట్టలేక నేనే అడిగాను, "ఏం తప్పు చేసింది?" అని.

"రాజకుమారీలు తప్పు చేయరమ్మా" అంది.

ఇంగ్లీషు పాఠం తీసి కావాలనే తప్పులతో చదివాను. నవ్వుతుందని చూశాను, ఏ నవ్వైనా సరే. "మంచిగ చదివిన్రు" అంది. నాకు మొదటిసారి భయం వేసింది.

ప్రయాణం రోజు నాయిన, నేను, ఆమె పొద్దున్నే మోటారులో రైలు ఉన్న ఊరు చేరుకున్నాం. స్టేషన్లో నా పెట్టె నెత్తిన పెట్టుకుని మా వెనక నడిచింది. రైలు వచ్చింది. పెట్టె లోపల సర్ది, పక్క పరిచి, కూజాలో నీళ్లు నింపి, నన్ను కూర్చోబెట్టి మళ్లీ కిందికి దిగింది.

"ఎక్కు ఎక్కు, టైమైతున్నది" అన్నాడు నాయిన.

"అయ్యా, జర పెన్ను ఇయ్యండి" అంది. ఇచ్చాడు. రొండిన దోపుకున్న ఫారం తీసి, నా కిటికీ కింద రైలు డబ్బా చెక్కకు ఆనించి, ఖాళీగా ఉన్న చోట ఒక పేరు రాసింది. రాసి, పెన్నూ ఫారమూ నాయిన చేతిలో పెట్టింది.

"ఇగ ఖాళీ లేదు. అబద్ధం గూడ లేదు. సంతకం పెట్టండి, ఎక్కుత. రెండేండ్లు మీ బిడ్డ కాళ్లొత్తుత."

నాయిన చదివాడు. నేనూ వంగి చదివాను. మా ఇంట్లో వెండి కంచంలో తినే దొర పేరు అది.

"నిజమేనా?" అన్నాడు నాయిన గొంతు తగ్గించి.

"మా అమ్మ చెప్పింది. దొర గూడ కాదనలే. మీరు ఆయన వకీలు గద, అడగండి."

గార్డు ఈల వేశాడు. "నాయినా, పెట్టు సంతకం!" అని అరిచాను. ఆమె కోసం కాదు. ఆమె ఎక్కకపోతే నన్ను దించేస్తారని, నా కాలేజీ పోతుందని. "జల్ది పెట్టు నాయినా!"

నాయిన ఆ కాగితాన్ని ఒకసారి చూశాడు, నన్ను ఒకసారి చూశాడు. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి ఖద్దరు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇది గీడ తేలేది కాదు. ఆలోచిద్దాం" అన్నాడు, కోర్టులో వాయిదా అడిగినట్టు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పో బిడ్డా. మీ అమ్మకు నేను చెప్పుకుంట" అన్నాడు.

తోడు లేకుండా నన్ను పంపడం అంత సులువని అప్పుడే తెలిసింది.

రైలు కదిలింది. నాయిన గేటు వైపు గబగబా నడిచాడు. ఆమె చెయ్యి చాచి ఆయన వెనకే పోతోంది. "నా ఫారం నాకియ్యండయ్యా" అనడం రెండుసార్లు వినపడింది. మూడోసారి చక్రాల చప్పుడులో కలిసిపోయింది. నాకు ఏడుపు రాలేదు. బాగా ఆకలేసింది. అమ్మ ఇద్దరికని కట్టిచ్చిన సద్ది విప్పాను. మూడు స్టేషన్లు దాటకముందే ఇద్దరిదీ నేనే తినేశాను.